నెత్తుటి సొమ్ము నుంచి సర్కారు నిధి దాకా
– నేరానికి బలైనవారి పరిహారం: ఒక చరిత్ర

ఈ వార్షిక సంచికకు చరిత్ర సంబంధమైన వ్యాసం ఒకటి వ్రాయమని సొసైటీ పెద్దలు అడిగినప్పుడు, రాజుల కథలూ కోటల కథలూ ఇదివరకే చాలా వచ్చాయి గనుక, మన ఇళ్ళకు పనికివచ్చే చరిత్ర ఒకటి చెప్పుకుంటే బాగుంటుందని మాకు తోచింది. ఒక ఇంట్లో హత్య జరిగిందనుకోండి. పోలీసులు వస్తారు, పంచనామా చేస్తారు, కేసు కడతారు. పట్టుబడినవాడికి జైల్లో అన్నం సర్కారు పెడుతుంది. వకీలును పెట్టుకునే స్తోమతు లేకపోతే సర్కారు ఖర్చుతో వకీలును ఇస్తుంది. అది న్యాయమే, మేము కాదనడం లేదు. మరి చచ్చినవాడి భార్యకు, పిల్లలకు, ముసలి తల్లికి ఎవరు పెట్టాలి? ఈ ప్రశ్నకు మన దేశంలో చట్టం సరైన జవాబు చెప్పడానికి చాలా కాలం పట్టింది. ఆ జవాబు చట్టంలో వున్నదని మనలో చాలామందికి నేటికీ తెలియదు.

మేము బడిలో ఉర్దూ చెప్పేవాళ్ళం గనుక ఒక మాట సంగతి ముందుగా మనవి చేస్తాము. ఉర్దూలో 'ముద్దయీ' అంటే దావా వేసినవాడు, తనకు అన్యాయం జరిగిందని కచేరీకి వచ్చినవాడు. ఎదుటివాడు 'ముద్దా అలైహ్'. అదే మాట తెలుగు కోర్టుల్లోకి వచ్చి 'ముద్దాయి' అయి, నేరం మోపబడినవాడికి పేరైపోయింది. మాటలు ఊళ్ళు మారినప్పుడు అర్థాలు మారడం మామూలే. కాని మన కోర్టుల్లో జరిగింది కూడా యించుమించు ఇదే. ఫిర్యాదు చేసినవాడి చోటు పోయి, కథంతా ముద్దాయి చుట్టూ తిరగడం మొదలైంది.

పాతకాలంలో మన వైపు పద్ధతి ఎట్లా వుండేదో చూద్దాము. నంద్యాల ప్రాంతం 1839 దాకా కర్నూలు నవాబుల ఏలుబడిలో వుండేది. కోయిలకుంట్ల వైపు గ్రామాలు 1800లో నిజాం కుంఫిణీకి వదిలేసిన దత్తమండలాల్లోకి పోయినాయి. బనగానపల్లె మాత్రం 1948 దాకా నవాబుల సంస్థానంగానే నిలిచింది. ఈ సీమంతటా పాళెగాళ్ళకు 'కావలి' హక్కు వుండేది. ఊళ్ళను కాపలా కాసినందుకు వాళ్ళు రైతుల దగ్గర, బాటసారుల దగ్గర రుసుము తీసుకునేవారు. దానికి బదులుగా దొంగతనం జరిగితే దొంగను పట్టి సొత్తు తిరిగి ఇప్పించాలి, పట్టలేకపోతే పోయినదాని విలువ తామే ఇచ్చుకోవాలి. ఆచరణలో పాళెగాళ్ళు ఎంతమంది ఈ మాట నిలబెట్టారన్నది వేరే సంగతి. రుసుము పిండుకోవడంలో వున్న శ్రద్ధ సొమ్ము తిరిగి ఇవ్వడంలో వుండేది కాదని కుంఫిణీ దొరలు గట్టిగా ఫిర్యాదులు వ్రాశారు. అయినా సూత్రం గమనించదగినది. కాపలా కాస్తానని రుసుము తీసుకున్నవాడు కాపాడలేకపోతే నష్టం అతడే భరించాలి.

ఖాజీల న్యాయశాస్త్రంలో 'దియత్' అనేది ఇంకొకటి వున్నది. తెలుగులో దీన్నే నెత్తుటి సొమ్ము అనవచ్చు. పొరపాటున ఒకరి చేతిలో మరొకరు చనిపోతే, చంపినవాడూ అతని బంధుకూటమీ కలిసి హతుని వారసులకు నిర్ణీతమైన సొమ్ము చెల్లించాలి. తెలిసి చేసిన హత్యలో కూడా వారసులు ప్రాణానికి ప్రాణం అడగవచ్చు, సొమ్ము తీసుకోవచ్చు, క్షమించవచ్చు. చంపినవాడెవడో తెలియనప్పుడు ఏం చేయాలన్న ప్రశ్నను కూడా హనఫీ పండితులు విడిచిపెట్టలేదు. శవం ఒక పేటలో దొరికితే ఆ పేటవాళ్ళు యాభైమంది ప్రమాణాలు చేసి దియత్ చెల్లించుకోవాలి. పెద్ద రహదారి మీదనో జుమ్మా మసీదులోనో దొరికితే ఆ సొమ్ము బైతుల్ మాల్, అంటే ప్రజల ఖజానా, ఇవ్వాలి. కుంఫిణీ వారు 1791లో ఇంగ్లీషులోకి తర్జుమా చేయించిన 'హిదాయా' గ్రంథం ఈ చర్చలకు పేరుపొందినది. పేరు తెలియని హంతకుడి బదులు ఖజానా జవాబు చెప్పాలన్న ఆలోచన అంత పాతది.

ఈ పద్ధతిలో మంచి వున్నట్లే చెడ్డ కూడా వున్నది. చంపినవాడు బలవంతుడూ, చచ్చినవాడి ఇంట్లోవాళ్ళు దిక్కులేనివాళ్ళూ అయితే 'క్షమించాము' అనిపించడం ఎంతసేపు? కారన్‌వాలిస్ దొర 1790 నుంచి తెచ్చిన మార్పులకు చూపిన కారణాల్లో ఇది ఒకటి. హంతకుడి శిక్ష హతుని వారసుల ఇష్టాయిష్టాల మీద ఆధారపడరాదని ఆయన కట్టడి చేశాడు. మద్రాసు వైపు 1802లో కోర్టులు ఏర్పరచినప్పుడు ఆ పద్ధతే ఇక్కడికీ వచ్చింది. మన సీమలో మన్రో దొర పాళెగాళ్ళ బలం అణచి వాళ్ళలో చాలామందిని పింఛనుదార్లను చేశాడు. 1816 రెగ్యులేషనుతో కాపలా పని గ్రామ పెద్దలకూ తలారులకూ అప్పగించబడింది. పోయిన సొత్తుకు కావలివాడే జవాబుదారీ అన్న పాత కట్టు సడలిపోయింది. 1862 నుంచి ఇండియన్ పీనల్ కోడు అమలైన మీదట నేరమంటే సర్కారు మీద చేసిన నేరం. కేసు సర్కారుది, శిక్ష సర్కారుది, జరిమానా కూడా సర్కారుది.

అంటే కొత్త చట్టం వారసుల నుంచి బేరమాడే అధికారం తీసుకున్నది, అది మంచిదే. కాని దానితోపాటు వాళ్ళకు రావలసిన సొమ్మును కూడా తీసుకుపోయింది, దాని బదులు ఏమీ పెట్టలేదు. 1855 చట్టం ప్రకారం ప్రాణనష్టానికి సివిలు దావా వేసుకోవచ్చు. కాని స్టాంపు ఖర్చులు, వకీలు ఫీజు, ఏళ్ళ తరబడి వాయిదాలు భరించగలిగే విధవరాలు ఎవరు? 1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడులో 545వ సెక్షను ఒకటి వుండేది. ముద్దాయికి జరిమానా పడి అది వసూలైతే, అందులోంచి కొంత బాధితునికి ఇప్పించవచ్చునని దాని సారాంశం. జరిమానా పడకపోతే లేదు, వసూలు కాకపోతే లేదు, ముద్దాయి విడుదలైతే అసలే లేదు.

ఈ ఖాళీ మన ప్రాంతంలో ఏం చేసిందో వేరే చెప్పాలా? నంద్యాల, ఆళ్ళగడ్డ, కోయిలకుంట్ల అంటే బయటివాళ్ళకు ముందుగా గుర్తుకు వచ్చేది ఫ్యాక్షనే. మహానంది కోనేటి నీళ్ళు గుర్తుకు వస్తే బాగుండును గాని, అట్లా జరగడం లేదు. హత్య కేసులో రాజీకి చట్టం ఒప్పుకోదు. అయినా రాజీలు జరుగుతూ వచ్చాయి. ఎట్లా అంటే, పెద్దమనుషులు కూర్చుంటారు, హతుని ఇంటికి ఇంత సొమ్ము, ఇంత పొలం అని మాట అవుతుంది, కోర్టులో సాక్షులు 'మేము చూడలేదు' అంటారు, కేసు కొట్టివేయబడుతుంది. బయటివాళ్ళు దీనిని భయం అంటారు. భయం వున్న మాట నిజం. కాని భయంతోపాటు ఆకలి కూడా వున్నది. సంపాదించేవాడు పోయిన ఇంట్లో రేపటికి బియ్యం లేనప్పుడు, న్యాయం కోసం పదేళ్ళు ఆగమని ఎవరు చెప్పగలరు? సొమ్ము చేతికిచ్చేవాడు ఒక్కడే వున్నాడు, వాడు చంపించినవాడే. నెత్తుటి సొమ్ము చట్టంలోంచి పోయింది గాని ఊళ్ళోంచి పోలేదు. పాత దియత్‌లో ఖాజీ ముందర లెక్క జరిగేది. ఈ రాజీలో ఆ లెక్క కూడా లేదు.

ఇక ప్రపంచంలో ఇతరులు ఏం చేశారో చూద్దాము. ఇంగ్లాండులో మార్జరీ ఫ్రై అనే ఆవిడ జైళ్ళ సంస్కరణ కోసం జీవితమంతా పనిచేసి, చివరి రోజుల్లో, 1957లో, ఈ ప్రశ్నను లేవదీశారు. ప్రజలను ఆయుధాలు పట్టవద్దని చెప్పి రక్షణ బాధ్యత తనమీద వేసుకున్న రాజ్యం, రక్షించలేకపోయినప్పుడు నష్టంలో పాలు పంచుకోవాలని ఆవిడ వాదం. మన కావలి సూత్రం కూడా అదే కదా! న్యూజీలాండు 1963లో ఇందుకోసం చట్టం చేసి 1964 జనవరి నుంచి అమలు పెట్టింది. అదే సంవత్సరం ఆగస్టులో బ్రిటన్ పథకం మొదలైంది, మరుసటేడు అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం అందుకున్నది. అమెరికా కేంద్ర ప్రభుత్వం 1984 చట్టంతో ఒక నిధి పెట్టి, అందులోంచి రాష్ట్రాలకూ బాధితులకు సేవ చేసే సంస్థలకూ గ్రాంట్లు ఇస్తూ వస్తున్నది. అయితే ఆ నిధిలోకి వచ్చేది పన్నుల సొమ్ము కాదు, కేంద్ర కోర్టుల్లో నేరస్థులు కట్టే జరిమానాలు. ఆ రాబడి తగ్గిన ఏళ్ళలో గ్రాంట్లకు కూడా కోత పడింది. 2021లో చట్టం సవరించి నిధికి మరికొన్ని దారులు కలపవలసి వచ్చింది. మహానంది ఊట వేసవి వానాకాలం అని లేకుండా పారుతుంది గనుకనే కింద అరటి తోటలు బతుకుతున్నాయి. బాధితుల నిధి కూడా ఆ ఊటలాగా వుండాలి గాని, వాన పడితే నిండే కుంటలాగా వుంటే లాభం లేదు.

ఐక్యరాజ్యసమితి 1985 నవంబరు 29న నేర బాధితుల హక్కుల ప్రకటన ఆమోదించింది. నేరస్థుని నుంచి పూర్తి పరిహారం దొరకనప్పుడు రాజ్యమే ఇవ్వడానికి పూనుకోవాలని అందులో వున్నది. సరిగ్గా ఆ ఏడే, జులై 17న, మన రాష్ట్రంలో కారంచేడులో దళితులపై దాడి జరిగి ఆరుగురు హతులయ్యారు. ఊరు విడిచిన కుటుంబాలు చీరాల చేరి, ఉద్యమం చేసి, అక్కడే పునరావాసం సాధించుకున్నాయి. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని చంపారు. ఈ రెండు ఘటనల మధ్యలో 1989 నాటి షెడ్యూల్డు కులాల, తెగల అత్యాచార నిరోధక చట్టం వచ్చింది. దాని కింద 1995 నియమాల్లో మొదటిసారిగా ఏ నేరానికి ఎంత సాయమో పట్టీ వేసి, ఏడు రోజుల్లో సాయం మొదలుకావాలని వ్రాశారు. ఖర్చులో కేంద్రం కూడా పాలు పంచుకుంటుంది. 2016 సవరణతో హత్య జరిగితే కుటుంబానికి 8 లక్షల 25 వేలు అయింది. సగం పోస్టుమార్టం తర్వాత, మిగతా సగం చార్జిషీటు కోర్టుకు పోయినప్పుడు ఇవ్వాలి. తీర్పు దాకా ఆగనక్కరలేదు! పరిహారాన్ని శిక్ష నుంచి విడదీసిన ఆ పట్టీ వెనుక దళిత సోదరుల పోరాటం వున్నదని మనం మరువరాదు.

మిగిలిన ప్రజల సంగతి అంత త్వరగా తేలలేదు. 1974 ఏప్రిల్ 1 నుంచి అమలైన కొత్త ప్రొసీజరు కోడు, సెషన్సు కేసుల్లో పేద ముద్దాయికి సర్కారు ఖర్చుతో వకీలును ఇచ్చింది. బాధితులకు 357వ సెక్షనును ఇచ్చింది. పాత 545 కంటె ఇది కొంత మేలు, జరిమానా వేయకపోయినా పరిహారం చెల్లించమని ముద్దాయిని ఆదేశించవచ్చు. కాని చెల్లించవలసినవాడు మళ్ళీ ముద్దాయే. మన నంద్యాల నుంచి లోక్‌సభకు ఎన్నికైన పి.వి. నరసింహారావు గారు ప్రధానమంత్రిగా వున్న రోజుల్లో, 1994 అక్టోబరు 19న, సుప్రీంకోర్టు ఒక తీర్పులో అత్యాచార బాధితుల కోసం పరిహార బోర్డు వుండాలని చెప్పి, పథకం తయారుచేసే పని జాతీయ మహిళా కమిషనుకు అప్పగించింది. 1996లో లా కమిషను 154వ నివేదిక, 2003లో మలిమత్ కమిటీ నివేదిక కూడా బాధితుల పరిహారం సర్కారు బాధ్యత కావాలన్నాయి. మతకలహాల్లో, ఉగ్రవాద దాడుల్లో చనిపోయినవారి కుటుంబాలకు కేంద్రం 2008 నుంచి 3 లక్షలు, 2016 నుంచి 5 లక్షలు ఇచ్చే పథకం పెట్టింది.

ఆఖరుకు 2008 సవరణ చట్టం 357-ఎ సెక్షనును చేర్చింది. అది 2009 డిసెంబరు 31న అమలులోకి వచ్చింది. ప్రతి రాష్ట్రమూ బాధితుల పరిహారానికి పథకం తయారుచేసి నిధి పెట్టాలి. ఎంత ఇవ్వాలో జిల్లా లేక రాష్ట్ర న్యాయ సేవాధికార సంస్థ తేల్చాలి. విచారణ రెండు నెలల్లో ముగియాలి. ముద్దాయి విడుదలైనా, బాధితునికి పునరావాసం అవసరమని తోస్తే కోర్టు సిఫారసు చేయవచ్చు. నేరస్థుడెవరో అంతుపట్టకపోయినా బాధితుడు తనంతట తాను దరఖాస్తు పెట్టుకోవచ్చు. హనఫీ పండితులు బైతుల్ మాల్ మీద వేసిన భారాన్ని మన పార్లమెంటు ఈ విధంగా రాష్ట్ర ఖజానా మీద వేసింది.

చట్టం వచ్చినా పథకం రావద్దా? అయిదేళ్ళు గడిచాయి. 2014 నవంబరు 28న హర్యానాకు చెందిన ఒక హత్య కేసులో తీర్పు చెప్తూ సుప్రీంకోర్టు లెక్క చూస్తే, 29 రాష్ట్రాల్లో 25 పథకాలు ప్రకటించాయి. మిగిలిన నాలుగింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి, తెలంగాణ ఒకటి! నెల రోజుల్లో ప్రకటించమని కోర్టు ఆదేశించింది. అట్లా 2015లో మన పథకం వచ్చింది. ఫ్యాక్షను హత్యలకు పేరుపడ్డ సీమ వున్న రాష్ట్రం ఈ పనిలో చివరి వరసలో నిలబడడం మనసుకు కష్టంగా వున్నది.

కేంద్రం సంగతి చూస్తే, 2013లో నిర్భయ నిధి పేర 1000 కోట్లతో మొదలుపెట్టి, బాధితుల పరిహారం కోసం అందులోంచి 200 కోట్లు 2016–17లో రాష్ట్రాలకు గ్రాంటుగా పంచింది. అది ఒక్కసారి ఇచ్చిన గ్రాంటు. ఆ తర్వాత భారం చాలావరకు రాష్ట్ర బడ్జెటుదే. 2015 ఏప్రిల్ నుంచి జిల్లాకొకటి చొప్పున 'సఖి' కేంద్రాలు తెరుస్తూ వచ్చారు. హింసకు గురైన ఆడవాళ్ళకు వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా, కొద్ది రోజుల ఆశ్రయం అక్కడ ఒకే చోట దొరకాలన్నది ఉద్దేశం. స్త్రీ బాధితుల కోసం జాతీయ న్యాయ సేవాధికార సంస్థ తయారుచేసిన పథకం 2018 అక్టోబరు 2 నుంచి అమలైంది. ప్రాణనష్టానికి 5 నుంచి 10 లక్షలు, అత్యాచారానికి 4 నుంచి 7 లక్షలు అని అందులో వున్నది. యాసిడ్ దాడి జరిగితే పదిహేను రోజుల్లో లక్ష రూపాయలు చేతికి అందాలి. 2024 జులై 1 నుంచి పాత కోడు పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. 357-ఎ ఇప్పుడు అందులో 396వ సెక్షను. నంబరు మారింది గాని హక్కు మారలేదు.

ఇక మహానంది మండలంలో ఒక ఇంట్లో కష్టం వచ్చిందనుకుందాము. ఎఫ్ఐఆర్ నకలు పోలీసు స్టేషనులో ఉచితంగా ఇవ్వాలి. దానికి వైద్యుని సర్టిఫికెట్టు, మరణమైతే మరణ ధ్రువపత్రం జతచేసి దరఖాస్తు పెట్టాలి. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడింది గాని కోర్టుల లెక్కలో పాత కర్నూలు జిల్లానే ఆధారం చేసుకున్నారు. కర్నూలు డెబ్భై కిలోమీటర్ల పైమాట. అంత దూరం పోలేనివారు నంద్యాల, ఆళ్ళగడ్డ కోర్టుల్లోని మండల న్యాయ సేవా కమిటీని అడిగితే దారి చూపుతారు. 15100 నంబరుకు ఫోను చేసినా చెప్తారు. వకీలు ఫీజు లేదు. స్త్రీల పథకంలో మూడేళ్ళ గడువు వున్నది, దాటనీయకండి. దెబ్బలు తిన్నవారికి వెంటనే చికిత్స కావాలంటే స్టేషను ఆఫీసరు లేక మేజిస్ట్రేటు సర్టిఫికెట్టు మీద మధ్యంతర సాయం అడగవచ్చు.

ఈ చరిత్రలోంచి మేము తీసుకున్న సారాంశం ఒక్కటే. పరిహారం నేరస్థుని చేతి మీదుగా వచ్చినంత కాలం అది రాజీ అవుతుంది, నోరు మూయడానికి ఇచ్చిన సొమ్ము అవుతుంది. ప్రజల ఖజానా నుంచి వస్తే అది హక్కు అవుతుంది. రేపటి తిండికి భరోసా వున్న తల్లి కోర్టు బోనులో నిలబడి చూసింది చూసినట్లు చెప్పగలుగుతుంది. కాబట్టి ఈ నిధికి ఏటా బడ్జెటులో తగినంత సొమ్ము పెట్టమని అడగడం ఖైరాత్ అడగడం కాదు, ఇన్సాఫ్‌లో ఒక భాగం అడగడం.

మన సొసైటీ విధవలకు రేషను ఇస్తున్నది, పిల్లలకు ఫీజులు కడుతున్నది. అల్లా కబూల్ చేయుగాక. దానితోపాటు చదువుకున్న కుర్రవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఈ దరఖాస్తులు వ్రాయడం నేర్చుకుని, కష్టం వచ్చిన ఇంటికి, అది ఏ మతంవారి ఇల్లయినా సరే, నలభై రోజులు గడవకముందే వెళ్ళగలిగితే బాగుంటుంది. పరామర్శకు వెళ్ళేటప్పుడు బియ్యం మూటతోపాటు తెల్ల కాగితం, కలం కూడా తీసుకుపోవాలని మా మనవి.